పనిచేస్తోందని మూసేశారు

ఆ ఫిర్యాదును మూసేసింది మీరే. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ మూశారు. "పనిచేస్తోంది" అని రాసి మూశారు. ఎవరి దగ్గర పనిచేస్తోంది? ఎవరి చెవికి వినిపించింది? అడిగారా? అడగలేదు. కొత్త కంప్యూటర్లు కొన్నవాళ్ళు, వాటిలో ఏముండాలో ఏముండకూడదో చల్లటి గదిలో కూర్చుని తేల్చినవాళ్ళు, చదవకుండా కింద సంతకం గిలికినవాళ్ళు, మీ అందర్నీ కలిపే అంటున్నాను. ఒక మనిషిని పనిలోంచి గెంటడానికి మీకు కర్రా కత్తీ అక్కర్లేదు. ఆ మనిషి చెప్పేది వినకుండా ఉంటే చాలు. మీరేం చేశారో మీకే తెలియదు గనక చెబుతున్నాను, చదవండి.

నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గది. సోమవారం ఉదయం ఆపరేటరు ఎప్పటిలాగే అందరికంటే ముందు వచ్చింది. ఆమెకు చూపు లేదు. తలుపు నుంచి తన బల్ల దాకా ఉన్న దారి ఆమె కాళ్ళకు కంఠస్థం. కర్ర మడిచి సొరుగులో పెట్టి, కుర్చీ లాక్కుని, చేతులు బల్ల మీద పరిచింది. పాత కీబోర్డు లేదు. కొత్తదాని మీటలు పల్చగా ఉన్నాయి. నొక్కితే అట్టముక్కని నొక్కినట్టుంది. సెలవురోజుల్లో గదిలోని కంప్యూటర్లన్నీ మార్చేశారు. కొత్తవాటిని నడపడానికి లినక్సు అనే సిస్టము వేశారట, పైవాళ్ళు తమకు తగ్గట్టు బిగించుకున్నారట. ఇదంతా పోయిన వారమే చెప్పారు. ఆమెకు కొత్తంటే భయం లేదు. మూడురకాల కంప్యూటర్లని అరగదీసింది ఆ బల్ల మీద.

ఆమె పనిచేసే తీరు ఇది. ఎడమ చెవికి టెలిఫోను, కుడి చెవికి కంప్యూటరు. ఎడమ చెవిలో ఎవరో "మా వీధిలో నీళ్ళు రాక చస్తున్నామమ్మా" అంటుంటే, కుడి చెవిలో తెర మీద ఉన్నదంతా ఒక గొంతు చదివి చెబుతుంటుంది: ఇది పేరు గడి, ఇది ఇంటి నంబరు గడి, ఇప్పుడు ఈ అక్షరం కొట్టావు. ఆ గొంతుని ఆమె ఎంత వేగంగా పెట్టుకుందంటే పక్కవాళ్ళకి అది పిట్టల పోట్లాటలా వినిపిస్తుంది. ఆమెకు మాత్రం అదే తెర, అదే కాగితం, అదే కలం.

హెడ్‌ఫోను పిన్ను దూర్చింది. పేరు కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది, ఎంటర్ నొక్కింది. గొంతు కోసం ఆగింది.

ఏమీ లేదు.

పిన్ను తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. వెనక్కి చెయ్యి పోనిచ్చి తీగలన్నీ ఒక్కొక్కటీ తడిమింది. ఏదీ వదులుగా లేదు.

"అత్తగారూ, వచ్చారా?"

పక్క బల్ల ఆవిడను గదిలో అందరూ అత్తగారనే పిలుస్తారు. సూపరింటెండెంటు కూడా. కోడలు లేకపోయినా ఆ హోదా ఆవిడకు మాటతీరు వల్ల వచ్చింది.

"వచ్చాను, ఇంకా కూర్చోలేదు. ఏంటి?"

"నా తెర మీద ఏముందో కాస్త చూడండి."

"అన్నీ బాగానే ఉన్నాయి. గడులున్నాయి, రంగులున్నాయి. మూల చిన్న స్పీకరు బొమ్మ ఉంది. దాని మీద గీటు కొట్టి ఉంది."

"గీటు తీయండి."

అత్తగారు మౌసుతో నొక్కింది. మళ్ళీ నొక్కింది. "పోవడం లేదే! మొండిది, నీలాగే."

రీస్టార్టును పిలిచారు. కంప్యూటర్లు చూసే కుర్రాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎవరు ఏ బాధ చెప్పినా "ఒకసారి రీస్టార్టు చేసి చూశారా?" అంటాడు గనక ఆ పేరు స్థిరపడింది. మంచివాడే. నాలుగైదు ఆఫీసులకి ఒక్కడే. సంచి భుజాన వేసుకుని పరుగులు పెడుతుంటాడు, మధ్యాహ్నం తిండి మెట్ల మీద తింటాడు. ఇతని మీద నాకు కోపం లేదు. కోపం ఎవరి మీదో పైనే చెప్పాను.

"లేవండి మేడమ్, చూస్తాను" అన్నాడు.

ఆమె లేచింది. అతను కూర్చున్నాడు. ఆమె పేరుతో తెరిచి ఉన్నదాన్ని మూసి తన పేరుతో తెరిచాడు. వాడేవాళ్ళ పాస్‌వర్డు అడగకూడదని అతనికి నియమం. మంచి నియమమే. టకటకా ఏవో కొట్టి హెడ్‌ఫోను ఆమె చేతిలో పెట్టాడు. చెవికి పెట్టుకుంటే ఒక ఆడగొంతు ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి పలికింది.

"వినపడిందా?"

"వినపడింది!" ఆమె ముఖం విప్పారింది. "ఏం చేశావు బాబూ?"

"ఏం చేయలేదు. రీస్టార్టు చేశాను." నవ్వి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతూనే ఫోనులో ఆ ఫిర్యాదు మూసేశాడు. పనిచేస్తోంది.

ఆమె కూర్చుని తన పేరుతో తెరిచింది. నిశ్శబ్దం.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి అతను రాకముందే అత్తగారు తెలివిగా ఒక పని చేసింది. రీస్టార్టు ఫోనులో చెప్పిన కమాండును ఆపరేటరు చేత కొట్టించి, తెరను ఫోటో తీసి పంపింది. ఆ కంప్యూటరులో ఏయే సౌండుకార్డులు ఉన్నాయో చూపించే కమాండు అది. "సౌండుకార్డులేవీ కనపడలేదు" అని జవాబొచ్చింది.

"అయితే డ్రైవరు పోయింది" అన్నాడు రీస్టార్టు, సంచి దించుతూ. "లేవండి మేడమ్."

"డ్రైవరు పోవడమేంటి నాయనా? ఇదేమన్నా బస్సా?" అంది అత్తగారు.

"సౌండుకార్డుకీ కంప్యూటరుకీ మధ్య మాట అందించే ప్రోగ్రాము అండీ. అది లేకపోతే కార్డు ఉన్నా లేనట్టే."

"ఓహో. పెళ్ళిళ్ళ మధ్యవర్తి అన్నమాట."

ఆ మధ్యవర్తిని తీసేసి కొత్తగా వేశాడు. తన పేరుతో తెరిచి కమాండు కొట్టాడు. కార్డు కనపడింది. ఆడగొంతు ఎడమ పలికింది, కుడి పలికింది. ఆమెకు వినిపించాడు. ఈసారి ఆమె నవ్వలేదు.

"నువ్వున్నంతసేపూ పలుకుతుంది. వెళ్ళగానే మూగదవుతుంది. నీకూ దీనికీ ఏదో ఉంది."

అతను నవ్వాడు. "కార్డు నిద్రపోతోందేమో మేడమ్. కరెంటు ఆదా కోసం పడుకోబెడతారు. ఆ నిద్ర తీసేశాను, ఇక పడుకోదు." వెళ్ళాడు. మూశాడు.

ఆమె తన పేరుతో తెరిచింది. అదే మౌనం.

ఇక పని సంగతి. ఫోన్లు ఆగవు కదా. ఎడమ చెవిలో జనం అరుస్తున్నారు, కుడి చెవి ఖాళీ. వేళ్ళకు కీబోర్డు తెలుసు గనక కొడుతూనే ఉంది. కొట్టింది ఏ గడిలో పడుతోందో తెలియదు. పేరు గడిలో ఉన్నాననుకుని పేరు కొడితే అది వీధి గడిలో పడింది. బుధవారం నాడు ఒకామె ఇంటి నంబరు ఫోను నంబరు గడిలో పడింది, వీధి గడిలో అంతకుముందు ఫిర్యాదు తాలూకు పేరే మిగిలిపోయింది. నీళ్ళ ట్యాంకరు పోయి ఎక్కడో ఊరవతల నిలబడింది. అక్కడివాళ్ళు అడగని నీళ్ళు వచ్చాయని సంబరపడి పట్టుకున్నారు. అడిగినామె చంటిబిడ్డతో బిందె పట్టుకుని సాయంత్రం దాకా గేటు దగ్గర కాచుకుని, చివరికి ఫోను చేసి తిట్టాల్సినవన్నీ తిట్టింది.

ఆ తిట్లు ఎడమ చెవితో ఆపరేటరే విన్నది. "తప్పు మాదేనమ్మా" అంది.

సూపరింటెండెంటు పిలిపించాడు. చెడ్డవాడు కాదు. మెత్తటివాడు. మెత్తటి దిండుతో కూడా ఊపిరాడకుండా చేయొచ్చు.

"కూర్చో అమ్మా. ఆ కుర్రాడు రోజూ వచ్చి చూస్తున్నాడు, పనిచేస్తోందంటాడు. నువ్వు చేయడం లేదంటావు."

"చేయడం లేదు సార్."

"నేను నిన్ను అబద్ధమాడుతున్నావనడం లేదు. కొత్త సిస్టము. అలవాటు కావాలి. అందరికీ అన్నీ అలవాటు కావు, నాకే తల తిరుగుతోంది." గ్లాసులో నీళ్ళు పోసి ఆమె వైపు జరిపాడు. "శుక్రవారం దాకా చూద్దాం. లేదంటే నీ లైను ఇంకొకరికి ఇచ్చి, నిన్ను కింద హాల్లో కూర్చోబెడతాను. వచ్చినవాళ్ళకి ఏ గది ఎక్కడో చెబుతుండు."

"దారి చూపించడానికి నన్ను పెడతారా సార్?"

అతనికి అప్పుడు వెలిగింది. దగ్గాడు. "ఊరికే కూర్చున్నా ఫర్వాలేదమ్మా. జీతం ఎక్కడికీ పోదు."

జీతం పోదు! విన్నారా? మీ దయ అంతా ఈ ఒక్క మాటలో ఉంది. పని లాక్కుని కుర్చీ ఇస్తారు. ఆ కుర్చీలో మనిషి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏం చేయాలి? వచ్చేపోయేవాళ్ళ జాలిని లెక్కపెట్టుకోవాలా? ఆమె ఆ గదికి పోటీ పరీక్ష రాసి వచ్చింది. పైపు పగిలిన వీధి పేరు సగం వినగానే ఏ లైనుమనిషిని పంపాలో చెప్పగలదు. హాల్లో కుర్చీకి ఇవేవీ అక్కర్లేదు.

ఆమె నీళ్ళు ముట్టుకోలేదు. "శుక్రవారం అన్నారుగా" అని లేచింది.

గురువారం రీస్టార్టు ఇంకో రెండు పనులు చేశాడు. లినక్సు పాత వెర్షను వేసి చూశాడు. తర్వాత సంచిలోంచి బొటనవేలంత ముక్క తీసి కంప్యూటరుకి గుచ్చాడు. అది వేరే సౌండుకార్డట, తన సొంతదట. తన పేరుతో తెరిస్తే పాతదీ పలికింది, కొత్తదీ పలికింది. "ఇప్పుడు మీకు రెండున్నాయి మేడమ్" అన్నాడు. అతను మెట్లు దిగేసరికి ఆమెకు రెండూ లేవు.

ఆమె ఇల్లు దర్జీ కొట్టు మీద వాటా. కింద మొగుడు కత్తిరిస్తాడు, ఆడపడుచు మిషను తొక్కుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఆపరేటరు కింద స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతుంది. వేలి కొసతో కాజా తడిమి, గుండీ ఎక్కడ పడాలో చూసుకుని సూది దించుతుంది.

"వదినా, ముఖం అలా పెట్టుకుని కుట్టకు. గుండీలు కూడా ఏడుస్తాయి" అంది ఆడపడుచు.

"నా ముఖం నీకెందుకు? నీ సూది చూసుకో. మొన్న వేలికి కుట్టుకున్నావు."

"ఆ హాల్లో కుర్చీ ఇస్తే తీసేసుకో. నిద్రపోవచ్చు. నాకెవడైనా ఇస్తే రెండు చేతులా దండం పెడతాను."

"నువ్వు నిద్రపోతే గురక ఆఫీసంతా వినపడుతుంది. నిన్ను ఒక్కపూట ఉంచుకోరు."

మొగుడు కత్తెర ఆపకుండా నవ్వాడు. ఆడపడుచు అతని మీదకు తిరిగింది. "నవ్వకన్నయ్యా. ఆ కోటు కుట్టించుకున్నాయన మళ్ళీ వచ్చాడు. చంకలో పట్టేస్తోందట."

"పట్టదు. నేను తొడుక్కుని చూశాను. బ్రహ్మాండంగా ఉంది."

"నీకు బ్రహ్మాండంగా ఉంటే ఆయనకేం లాభం?"

"ఆయనదీ నాదీ ఒకటే కొలత."

"కొలత ఒకటే, భుజాలు వేరు. ఆయన ఒక భుజం వాల్చి నడుస్తాడు. రేపు రమ్మను. ఆయనకే తొడిగి, చెయ్యి పైకెత్తమను. అప్పుడు తెలుస్తుంది నీ బ్రహ్మాండం."

ఆపరేటరు చేతిలో సూది ఆగిపోయింది.

"ఏంటి వదినా, గుచ్చుకుందా?"

"ఆ కుర్రాడు వచ్చిన ప్రతిసారీ నన్ను లేపుతాడు" అంది నెమ్మదిగా. "తన పేరుతో తెరుస్తాడు. తన పేరుతో వింటాడు. బాగుచేశాక నా పేరుతో తెరిస్తే ఏమవుతుందో ఇంతవరకూ వాడు చూడనే లేదు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పాననుకున్నాను. పలకడం లేదనే చెప్పాను. పలికించి చూపించగానే ఆ సంబరంలో నేనూ ఊరుకున్నాను."

శుక్రవారం ఉదయం రీస్టార్టు వచ్చి ఎప్పటిలాగే అన్నాడు. "లేవండి మేడమ్."

"లేవను."

"అదేంటి?"

"నువ్వు స్టూలు వేసుకుని పక్కన కూర్చో. ఏం కొట్టాలో చెప్పు, నేను కొడతాను. నా పేరుతో. నా పాస్‌వర్డు నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నీ నియమానికి దెబ్బ లేదు."

"నాకు ఇంకో రెండు ఆఫీసులున్నాయి మేడమ్. కార్డు తీసి వేరే పోర్టులో..."

"నాకు ఇవాళే ఉంది బాబూ. రేపు ఈ కుర్చీ నాది కాదు."

అత్తగారు తన స్టూలును కాలితో అతని వైపు తోసింది. "కూర్చో నాయనా. నిలబడి చేసిన వైద్యం చాలు."

అతను కూర్చున్నాడు. ఆమె తన పేరుతో తెరిచింది. కార్డులు చూపించే కమాండు అతను అక్షరం అక్షరం చెప్పాడు, ఆమె కొట్టింది. అతను తెర మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఏముంది?" అంది ఆమె.

"కార్డులేవీ లేవంటోంది. నిన్న నేను గుచ్చింది కూడా." గొంతులో నవ్వు లేదు. చెయ్యి పెట్టి ఆ చిన్న ముక్కను తాకి చూశాడు. అది అక్కడే ఉంది, దాని దీపం వెలుగుతోంది. "ఇదేంటి, నా కళ్ళముందే..."

"నా పేరుతో ఇది రోజూ ఇలాగే ఉంది."

అతను ఇంకొక కమాండు చెప్పాడు. అది చిన్నది. ఈ పేరు ఏయే గుంపుల్లో ఉందో చెప్పమని కంప్యూటరును అడగడం. ఆమె కొట్టింది. ఒక్క మాట వచ్చింది. అది ఆమె పేరే.

రీస్టార్టు వెనక్కి వాలబోయాడు. స్టూలుకి వీపు లేదని గుర్తొచ్చి నిటారుగా కూర్చున్నాడు.

"మేడమ్, కార్డు బాగుంది. డ్రైవరు మొదట్నుంచీ బాగుంది. ఈ వారమంతా నేను బాగున్నదాన్నే బాగుచేశాను." ఆమె వైపు తిరిగాడు. "మీకు వినే అనుమతి లేదు."

"ఏంటీ?"

"ఈ సిస్టములో శబ్దానికి ఒక గుంపు ఉంటుంది. అందులో పేరున్నవాళ్ళకే సౌండుకార్డు కనపడుతుంది. పేరు లేకపోతే కార్డు లేదనే చెబుతుంది. ఆఫీసుల్లో సినిమాలు చూస్తున్నారని పైవాళ్ళు అందరి పేర్లూ తీసేయమన్నారట. నా పేరు అన్ని గుంపుల్లో ఉంటుంది. అందుకే నాకెప్పుడూ పలికింది."

"ఇంకెవరి పేరుంది?"

"మీటింగులుంటాయని సూపరింటెండెంటుగారిది."

అలికిడికి అప్పుడే లోపలికొచ్చిన సూపరింటెండెంటు గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నాడు. "నేను మీటింగులకే వాడతానయ్యా." ఎవరూ ఏమీ అనకముందే మళ్ళీ అన్నాడు. "సరే, కారణం తెలిసింది కదా. పైకి ఉత్తరం రాద్దాం. అనుమతి రానీ."

"అనుమతి దేనికి సార్?" ఆపరేటరు అతని గొంతు వైపు తల తిప్పింది. "మీ కంప్యూటరుకి తెర పెట్టడానికి ఎవరినైనా అనుమతి అడిగారా?"

రీస్టార్టు ఎవరి వైపూ చూడలేదు. "ఒక్క క్షణం మేడమ్" అని వంగి, ఆమె కుర్చీలో ఉండగానే పక్కనుంచి చేతులు చాచి, ఒక్క వరుస కొట్టాడు. తన పాస్‌వర్డు కొట్టాడు. ఎంటర్ నొక్కాడు.

"ఇప్పుడు మీ పేరు మూసి మళ్ళీ తెరవాలి. అప్పుడే గుంపు అంటుకుంటుంది."

"చివరికి రీస్టార్టే అన్నమాట" అంది అత్తగారు.

ఆమె మూసింది. తెరిచింది. కుడి చెవిలో ఆ గొంతు పిట్టల మందలా ఒక్కసారిగా వచ్చిపడింది: ఇది పేరు గడి, ఖాళీగా ఉంది. ఆమె రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి కాసేపు కదలకుండా విన్నది. ఎడమ చెవిలో ఫోను మోగింది. ఎత్తింది. ఎవరిదో పైపు పగిలింది. పేరు, నంబరు, వీధి, ఒక్కొక్కటీ దాని గడిలో దాన్ని కూర్చోబెట్టింది. లైనుమనిషి పేరు చెప్పి ఫోను పెట్టేసింది.

"పోనీలే అమ్మా, గండం గడిచింది" అన్నాడు సూపరింటెండెంటు. రీస్టార్టు అప్పటికే ఫోను తీశాడు. "డ్రైవరు సమస్య సరిచేశాం" అని గొణుక్కుంటూ కొడుతున్నాడు.

"ఆగు బాబూ. డ్రైవరు అని రాయకు. మూయకు."

"పలుకుతోంది కదా మేడమ్?"

"నాకు పలుకుతోంది. ఈ కంప్యూటర్లు ఇంకెన్ని ఆఫీసుల్లో పెట్టారు? నాలాగా ఇంకెవరైనా పలకడం లేదన్నారా?"

అతను ఫోను కిందికి దించాడు. "ఇవి ముందే పెట్టిన పన్నుల ఆఫీసులో టైపిస్టొకాయన. ఆయనకీ చూపు లేదు. పోయిన నెల చెప్పాడు. నా పేరుతో తెరిచి చూశాను, పలికింది. 'వాడేవారికి అలవాటు కాలేదు' అని రాసి మూశాను."

"ఇప్పుడాయన ఎక్కడున్నాడు?"

"వరండాలో కుర్చీ వేశారు."

గదిలో ఇంకో ఫోను మోగుతోంది. అత్తగారు కూడా ఎత్తలేదు.

"నీ పని అయిపోయింది కదమ్మా, ఇంకా ఎందుకు..." అన్నాడు సూపరింటెండెంటు.

"నా పని అయింది సార్. ఫిర్యాదు కాలేదు." రీస్టార్టు వైపు తిరిగింది. "వెళ్ళు. ఫోను చేయకు, మనిషివి వెళ్ళు. ఆయన్ని తీసుకొచ్చి ఆయన బల్ల దగ్గర కూర్చోబెట్టు. నువ్వు స్టూలు వేసుకో. ఆయన విన్నానన్నాక నాది మూయి."

అతను సంచి భుజాన వేసుకున్నాడు. రీస్టార్టు చేసి చూశారా అని ఎవర్నీ అడగకుండా మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడు మీ సంగతి. ఆ కుర్రాడు ఒక్కడు, సంచి ఒక్కటి. మీరు కంప్యూటర్లు పెట్టిన ఆఫీసులు ఎన్నో మీకే తెలియాలి. ఆమె ఒక్కర్తి లేవనన్నది గనక మీ తప్పు బయటపడింది. లేవమంటే లేచి నిలబడినవాళ్ళ మాటేమిటి? సంఘం పెట్టి ఆలోచిస్తామనకండి, ఉత్తరాలు రాస్తామనకండి. చెవితో పనిచేసే ప్రతి మనిషి పేరూ ఆ గుంపులో ఇవాళే చేర్చండి. బాగుచేశామంటే ఆ మనిషి కుర్చీలో, ఆ మనిషి పేరుతో, ఆ మనిషి చేత చేయించి చూడండి. ఫిర్యాదు చేసిన నోరు "సరే" అనేదాకా ఏ ఫిర్యాదూ మూయకండి. అన్నిటికంటే ముందు లేవండి. మీ గదుల్లోంచి బయటికి వచ్చి, మీ వరండాల్లో పని లాక్కుని కూర్చోబెట్టిన మనుషులు ఎవరెవరున్నారో చూడండి. వాళ్ళ పని వాళ్ళకు తిరిగిచ్చి, ఆ కుర్చీలు ఇవాళే ఖాళీ చేయండి.